తుంగలో కలిసిన వరస

మా పనిలో అన్నిటికన్నా కష్టమైన సంగతి ఒకటుంది. చేసిన పని చేసినట్టు కనిపించకూడదు. గోడ కడితే గోడ కనిపిస్తుంది, బట్ట కుడితే బట్ట కనిపిస్తుంది, అంట్లు తోమినా కాసేపైనా తళతళలాడతాయి. మేం మాత్రం రోజంతా బురదలో మోకాళ్ళ మీద పాకి, నడుం విరిగేలా నాటి, సాయంత్రం లేచి చూసుకుంటే అక్కడ ఎవరూ ఏమీ చేయనట్టుండాలి. అలా ఉంటేనే పని బాగా చేశామని లెక్క. చూడవచ్చినవాళ్ళు "ఆహా, దానంతటదే ఎంత బాగా పెరిగిందో!" అంటే మాకు పని ఇచ్చే మేడమ్ మురిసిపోతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. మా అక్కకు మండదు. మండటానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా, తనకి అదీ మిగల్లేదు.

మేమిద్దరం ఒకే నర్సరీలో పనిచేస్తాం. నర్సరీ అంటే పూల కుండీలు అనుకునేరు. మా దగ్గర ఈ నేలలో ముందునుంచీ ఉన్న మొక్కలే పెంచుతారు. సహజ తోటలు కావాలనేవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. అందులో తుంగ మా అక్క వంతు. అందుకే తనని అందరూ తుంగక్క అంటారు, తనకన్నా పెద్దవాళ్ళు కూడా. పొలంలో తుంగ కనిపిస్తే రైతు తిట్టుకుంటూ పీకి పారేస్తాడు. ఇది ఆ తుంగ కాదు, దాని నీటి చుట్టం. చెరువు అంచుల్లో, పాత కాలవల్లో, చీలమండ లోతు నీళ్ళలో దుబ్బుగా నిలబడుతుంది. ఆకంటూ ఉండదు, గుండ్రటి పచ్చని పుల్లలే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎక్కడ చూసినా అదేనట. కాలవలు పూడ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు వాన నీళ్ళకు దారిలేక వీధులు మునుగుతుంటే మళ్ళీ పల్లాలు తవ్వించి, అడిగి మరీ ఆ తుంగనే నాటించుకుంటున్నారు. పోగొట్టుకోవడం వాళ్ళ వంతు, వెతికి తెచ్చి నాటడం మా వంతు.

అక్క పెద్ద దుబ్బును బల్లమీద పడుకోబెట్టి రంపపు పళ్ళ కత్తితో కోసి ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్క అడుగునా తెల్లటి మొలక ఉందో లేదో బొటనవేలితో తడిమి చూస్తుంది. గాలికి ఊగి వేళ్ళు వదిలేయకుండా పుల్లల్ని జానెడు ఉంచి కత్తిరిస్తుంది. తర్వాత బురదమట్టి నింపిన చిన్న తొట్లలో గుచ్చి, నీళ్ళు నిలిపిన ట్రేల్లో పెడుతుంది. మొదట్లో నీళ్ళు మరీ ఎక్కువైతే కుళ్ళిపోతుంది, తగ్గితే ఎండిపోతుంది. అందుకని పొద్దునా సాయంత్రం ట్రేల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని ఆ చేతులు పగిలిపోయాయి. లేచినప్పుడల్లా మోకాళ్ళు పాత తలుపుల్లా చప్పుడు చేస్తాయి. వేసుకునే రబ్బరు బూట్లలో ఒకటి కారుతుంది.

"కొత్తవి అడగవే" అంటాను.

"అడుగుతా" అంటుంది. అలా అంటున్నది ఇప్పటికి ఎన్నాళ్ళనుంచో చెప్పలేను.

ఇక మా బావ సంగతి. ఆయన తాపీ మేస్త్రి. కట్టినచోటల్లా ఆయన్ని గీత మేస్త్రి అనేవారు. గోడకు గుండు వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఆ బుద్ధి పనితో ఆగితే బాగుండేది. ఇంట్లో చెప్పులు వరసగా ఉండాలి, చెంచాలన్నీ ఒకే వైపు చూడాలి, ఆరేసిన బట్టల అంచులు సమానంగా వేలాడాలి. "బావా, పాపిడి తీసుకోవడానికి కూడా రసమట్టం పెడతారా?" అని నేను ఏడిపించేదాన్ని. "నీ పాపిడి చూశాక పెట్టడమే మంచిదనిపిస్తోంది మరదలా" అనేవాడు. మాటకు మాట బాకీ ఉంచే మనిషి కాదు.

అలాంటి మనిషి ఒకరోజు పరంజా విరిగి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడి భుజం దెబ్బతిని ఆ చెయ్యి మాత్రం గడ్డం దాకానే లేస్తుంది, ఆపైకి రాదు. గోడలు కట్టే చెయ్యి గడ్డం దగ్గర ఆగిపోతే ఇక ఏం కడుతుంది? వీధిలోకి తెరిచే గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ముందు మాటలు తగ్గాయి, తర్వాత తిండి తగ్గింది, ఆ తర్వాత గడ్డం గీసుకోవడం మానేశాడు. వాళ్ళింట్లో ఉన్నది ఒక్కటే అద్దం, చేతులు కడుక్కునే చోట గోడకు ఉంటుంది. వెనకట ఆయన దానిముందు నిలబడితే అక్క తల దువ్వుకోడానికి కాచుకుని ఉండాల్సి వచ్చేది. ఇప్పుడా అద్దం పొద్దస్తమానం ఖాళీ. "గడ్డం పెరిగితే పెరిగిందిలే, ఆ కుర్చీలోంచి నన్నొకసారి చూస్తాడు చూడు, అది తట్టుకోలేనే" అంది అక్క ఒకరోజు తుంగ కోస్తూ.

ఒక ఆసుపత్రి వెనక పల్లంలో తుంగ నాటే పని మాకు అప్పుడే వచ్చింది. ఆసుపత్రి కప్పు మీది నీళ్ళూ, బళ్ళు నిలిపేచోటి నీళ్ళూ తూములోంచి వచ్చి ఆ పల్లంలో పడతాయి. వాటిని నిలిపి, వడకట్టి, మెల్లగా నేలలోకి దింపడానికి పల్లం నిండా తుంగ కావాలన్నారు. చాలా పెద్ద చోటు, మా ఇద్దరి వల్లా అయ్యేది కాదు. అక్క మేడమ్ దగ్గరికెళ్ళి "మా ఆయన్ని తీసుకొస్తానండీ, కిందికి వంగే పనేగా, చెయ్యగలరు" అని అడిగింది. బూట్లు అడగడానికి లేవని నోరు ఆ మాటకు లేచింది. మేడమ్ ఒప్పుకుంది.

బావ మొదట రానన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, పెట్టెలోంచి తన పాత తాపీ తీసి తుడుచుకుని బయల్దేరాడు. నర్సరీవాళ్ళు ఇచ్చే బొరిగె ముట్టుకోలేదు. తాపీతోనే గుంట తీసి, మొక్క పెట్టి, అదే తాపీ మడమతో మట్టి అదిమేవాడు. పని చకచకా సాగింది. మధ్యాహ్నం తలెత్తి చూద్దును కదా, ఆ చివరినుంచి ఈ చివరిదాకా జానెడుకో మొక్క చొప్పున, బడిపిల్లల్ని నిలబెట్టినట్టు వరసలు!

"ఏమండీ, ఇలా కాదు. అడ్డదిడ్డంగా ఉండాలి. ఎవరూ నాటినట్టుండకూడదు" అంది అక్క మెల్లగా.

"మరి నాటడం దేనికీ?" అన్నాడు బావ. నిజం చెప్పొద్దూ, నాకూ ఎప్పుడూ ఆ సందేహమే.

"మేడమ్‌కి అలాగే కావాలి."

"సరే, వంకరగా నాటాలి. అంతేగా, అదేం పెద్ద విద్య!"

నాటాడు. ఒకటి ఇటు, ఒకటి అటు, మళ్ళీ ఒకటి ఇటు, ఒకటి అటు. రంపపు పళ్ళలా వచ్చింది. ఆ రంపంలో కూడా పన్ను పన్నుకీ ఒకటే దూరం. అక్క ఇంకో ఉపాయం చెప్పింది. మేం కొత్తవాళ్ళకి నేర్పేది అదే. గుప్పెడు గులకరాళ్ళు విసిరి, అవి ఎక్కడ పడితే అక్కడ నాటాలి. బావ విసిరాడు. తర్వాత చూస్తే వంగి ఆ రాళ్ళని జరుపుతున్నాడు.

"అదేంటి బావా?"

"కాస్త సర్దుతున్నాను. మరీ ఛండాలంగా పడ్డాయి."

కుక్కతోక వంకర తీయలేమని లోకమంతా చెప్పుకుంటుంది. మా బావలో వంకర పుట్టించలేమని మాకు ఆరోజు తెలిసింది. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వు ఆపుకోలేక తూము వైపు వెళ్ళాం. నవ్వి నవ్వి అక్క కళ్ళు తుడుచుకుంది. "మేడమ్ చూస్తే రేపే వద్దంటుందే" అంది. ఇక నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమే మొదలైంది ఆ గాడిద చాకిరీ. భుజం లాగుతుంది కాబట్టి బావ మాకన్నా ముందే బస్సెక్కి ఇంటికి వెళ్ళేవాడు. "పనిముట్లు కడిగి వస్తాం" అని మేం ఉండిపోయేవాళ్ళం. ఆయన బస్సు కదలగానే అక్క మళ్ళీ బూట్లు తొడుక్కుని నీళ్ళలో దిగేది. ఆయన నాటినవన్నీ ఒక్కొక్కటే పీకి, అడ్డదిడ్డంగా మళ్ళీ నాటేది. ఆపైన బాతులు లాగేయకుండా మామూలుగా కప్పే దట్టమైన వల కప్పేది. వల కింద వరస కనపడదు, వంకరా కనపడదు. నాటినచోట మళ్ళీ కాలు పెట్టకూడదని మాకెలాగూ నియమం ఉంది. పొద్దున బావ వచ్చి కొత్తచోట మొదలుపెట్టేవాడు.

నేనూ కొన్నాళ్ళు సాయం పట్టాను. తర్వాత నాకు విసుగెత్తింది. "నీకేమైనా పిచ్చా? నాటిందే నాటడం, పీకిందే పీకడం! ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యరాదా?"

అక్క నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది. లేవడానికే చాలాసేపు పట్టింది.

"ఏమని చెప్పనే? మీ బావ గడ్డం గీసుకుంటున్నాడు, చూశావా? నాకు పొద్దున్నే తల దువ్వుకోడానికి అద్దం దొరకడం లేదు."

మళ్ళీ బురదలో కూర్చున్నాను. కానీ ఆ రోజుల్లో అక్కను చూస్తుంటే నాకు భయం వేసేది. పగలంతా ఒక మనిషి పని, సాయంత్రం దాన్ని చెరిపే పని, ఇంటికెళ్ళాక వంటా అంట్లూ. బస్సులో కూర్చోగానే నోరు తెరుచుకుని నిద్రపోయేది. నిద్రలో కూడా బొటనవేలు దేన్నో తడుముతున్నట్టు కదిలేది.

ఒక సాయంత్రం ఒళ్ళు కాలిపోతోంది తనకి. తూము పక్క మూలలో బావ ఆరోజు వేసిన వరసలు అలాగే ఉన్నాయి. బూటు తొడుక్కోబోయి, ఆ కారే బూటుని అలాగే చేత్తో పట్టుకుని గట్టుమీద కూర్చుండిపోయింది. "ఈ మూల ఉండనీవే. నా వల్ల కాదు" అంది. దాని మీద వల కప్పేసి ఇంటికి వెళ్ళాం.

మర్నాటి సాయంత్రం కాస్త నెమ్మదించి మళ్ళీ దిగింది. కొత్త వరసల్లో సగం పీకింది. చేతినిండా పీకిన మొక్కలు. అప్పుడు గట్టు మీద అలికిడైంది. బావ. తాపీ మర్చిపోయి, దానికోసం బస్సు దిగి వెనక్కి వచ్చాడు.

ఆయన అక్క చేతిలోని మొక్కల్ని చూశాడు, నీళ్ళలో గుంటల్ని చూశాడు, అవతల వలలన్నిటి వైపూ నిదానంగా చూశాడు. గోడ ఎక్కడ పగిలిందో మేస్త్రి చూసే చూపు అది.

"అన్నీనా?" అన్నాడు.

అక్క తలొంచుకుంది. "తూము దగ్గర మూల ఉంచాను."

"అదెందుకు ఉంచావు?"

అబద్ధం ఆడవే అక్కా, అని నేను మనసులో అరుస్తూనే ఉన్నాను. తనకి అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"ఓపిక లేక" అంది.

బావ వంగి తాపీ తీసుకున్నాడు. ప్యాంటుకి రెండువైపులా తుడిచాడు. వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కుర్చీ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది, గడ్డం మళ్ళీ పెరిగింది. తిట్టినా బాగుండేదని అక్క అనేది. తిడితే బదులు తిట్టొచ్చు. అక్క "అన్నం పెట్టనా?" అంటే ఆయన "పెట్టు" అనేవాడు, "చాలా?" అంటే "చాలు" అనేవాడు. నేను వెళ్ళి "ఏం బావా, పాపిడి వంకరగా ఉందే" అని కదిపి చూశాను. చేత్తో జుట్టు చెరుపుకున్నాడు. బయటికొచ్చి ఏడ్చాను.

మిగతా పల్లం మేమిద్దరమే పూర్తిచేశాం. మేడమ్ వచ్చి ఫోటోలు తీసుకుంది. వలలు ఎత్తి చూస్తూ తూము మూల దగ్గర ఆగింది.

"ఇక్కడ ఎవరో నాటినట్టుందే?"

"మా ఆయన నాటారు" అంది అక్క. ఆ గొంతులో కాస్త పౌరుషం వినిపించింది నాకు.

మేడమ్ మంచిదే, గొడవ చేయలేదు. "వానలయ్యాక ఒకసారొచ్చి ఆ వరసలు చెదరగొట్టమ్మా" అంది. అక్క తలూపింది.

వానలొచ్చాయి, వెళ్ళాయి. మాకు వేరే తోటలు, వేరే బురదలు. అక్క ఆ పని ఇవాళ రేపని నెట్టుకొచ్చింది. ఒకరోజు మేడమ్ గుర్తుచేస్తే ఇక తప్పక ఇద్దరం వెళ్ళాం. పల్లం నిండా నడుమెత్తు తుంగ, గాలికి ఒకటే ఊగుతోంది. అక్క తూము దగ్గర దిగి, ఆ మూలలో వంగి పుల్లల్ని అటూ ఇటూ విడదీస్తూ వెతికింది. చాలాసేపు వెతికింది.

"ఏమే, నువ్వు చూడు. ఆయన వరసలు ఎక్కడున్నాయి?"

నేనూ దిగాను. ఎక్కడా వరస లేదు. ఒక్కో దుబ్బూ అడుగున పక్కలకు పాకి, మొలకలేసి, ఒకదాని ఖాళీలో ఇంకొకటి దూరి, కొన్ని చచ్చి, కొన్ని గింజ రాలి లేచి, మొత్తం కలిసిపోయింది. ఆయన నాటిన మూలా అలాగే ఉంది, అక్క పీకి నాటిన పల్లమూ అలాగే ఉంది. ఇన్నేళ్ళ పనిలో మాకా సంగతి ఎందుకు తెలియలేదంటే, మా నర్సరీలో ఇంతవరకూ ఎవరూ సూటిగా నాటిన పాపాన పోలేదు. మొదటిరోజే వంకరగా నాటి వెళ్ళిపోతాం, మళ్ళీ వచ్చి చూడం. సూటిగా నాటితే ఏమవుతుందో చూసిన నాథుడే లేడు.

అక్క గట్టెక్కి కూర్చుంది. బూటు విప్పి నీళ్ళు వంచింది. సంతోషిస్తుందనుకున్నాను. వెక్కి వెక్కి ఏడ్చింది. "ఊరుకున్నా సరిపోయేదటే! అన్ని సాయంత్రాలు! ఊరికే ఇంటికి పోయి పడుకున్నా సరిపోయేది. నా మోకాళ్ళూ మిగిలేవి, ఆయనా మిగిలేవాడు." బూడిదలో పోసిన పన్నీరు అంటారు, మేం పోసింది మాత్రం మా ఒళ్ళు. పక్కన కూర్చుని ఆ తడి కాలు నా చీర కొంగుతో తుడిచాను.

కాసేపటికి తను లేచింది. "ఇంటికి పద" అంది.

బావ గుమ్మంలోనే ఉన్నాడు. అక్క ఆయన ఎదురుగా నిలబడి చెప్పింది. "ఆ మూల వరసలు తీసెయ్యమని మేడమ్ చెప్పింది. ఎక్కడున్నాయో నాకు తెలియడం లేదు. మీరొచ్చి చూపించాలి."

ఆయన మొహం నల్లబడింది. "నేను నాటింది నాతోనే పీకిస్తావా?"

"ముందు రండి."

పల్లం చేరాక ప్యాంటు మడిచి సరాసరి తూము దగ్గరికి నడిచాడు. "ఈ అంచు నుంచి జానెడు వదిలి మొదలుపెట్టాను. మొదటి మొక్క ఇదిగో, ఇక్కడ" అని చెయ్యి చాపాడు. అక్కడ మొక్కలేదు, నీళ్ళున్నాయి. పక్కన ఇంకో జానెడు కొలిచాడు. అక్కడ మోచెయ్యంత వెడల్పు దుబ్బు. కొలుస్తూ కొలుస్తూ ఆ చివరిదాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఒక కన్ను మూసి తూముకి సూటిగా గురి చూశాడు. చొక్కా మోచేతులదాకా తడిసింది. మేం గట్టుమీద నిలబడ్డాం. పోటీకి దిగినవాడిలా వెతికాడు ఆ మనిషి, తన వరస తనే పీకడానికి.

చివరికి నడుం నిలబెట్టి అక్క వైపు తిరిగాడు.

"లేదే."

"లేదు."

"మరి నువ్వు తీసి నాటినవి ఏవి?"

అక్క మిగతా పల్లమంతా చేత్తో చూపించింది. "అవీ తెలియడం లేదు."

బావ ఈ మూల చూశాడు, ఆ పల్లం చూశాడు. మళ్ళీ ఈ మూల. తుంగలో తొక్కడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మా ఇద్దరి చాకిరీనీ, ఆయన పరువునీ అది ఎప్పుడో తొక్కేసి పైన పచ్చగా లేచింది. ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వో కాదో చెప్పలేను, గడ్డం అడ్డం.

"పిచ్చిదానా, ఎన్ని రోజులు నాటావే?" అన్నాడు.

"మీరు నాటినన్ని రోజులూ."

ఆయన నీళ్ళలోంచి గట్టుదాకా వచ్చాడు. పైకెక్కకుండా అక్క కాళ్ళ దగ్గర ఆగాడు. అక్క కాలినుంచి ఆ కారే బూటుని లాగి, తిప్పి, చిల్లు ఎక్కడుందో వేలు పెట్టి చూశాడు. "దీన్ని అతికిస్తే ఆగుతుంది" అని చంకలో పెట్టుకున్నాడు. అక్క ఇంటిదాకా ఒక కాలికి బూటు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నేను నర్సరీలో ట్రేలకు నీళ్ళు పెడుతుంటే ఫోన్ మోగింది. అక్క.

"నేను కాస్త ఆలస్యంగా వస్తానే. ఇంకా తల దువ్వుకోలేదు."

"ఏం, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది" అంది. గొంతు అలసిపోయే ఉంది, ఎప్పటిలాగే. "మీ బావ అద్దం దగ్గరనుంచి కదలడం లేదు."